కారాసిఫార్మిస్: రూప్‌చంద్, పిరానా, టెట్రాల క్రమం

కారాసిఫార్మిస్ ఉష్ణమండలపు మంచినీటి చేపల క్రమం. ఇందులో సుమారు 2,300 జాతులున్నాయి. ప్రపంచంలోని మంచినీటి చేపల్లో ఇది దాదాపు ఎనిమిదో వంతు. సహజంగా ఇవి బతికేది రెండు చోట్లే: అమెరికా ఖండాల్లో టెక్సస్ దక్షిణ అంచు నుంచి అర్జెంటీనా దాకా, ఆఫ్రికాలో నైలు నది మొదలుకొని దక్షిణాది నదుల దాకా. పిరానా, పాకూ, టెట్రా, టైగర్‌ఫిష్ ఈ క్రమంలోనివే. ఆసియాలో ఈ క్రమపు చేప సహజంగా ఒక్కటీ లేదు. అయినా తెలుగు రాష్ట్రాల చేపల మార్కెట్లలో బొచ్చె, రోహుల పక్కన వెండి ఒళ్లు, ఎర్ర పొట్టతో కనిపించే రూప్‌చంద్ ఈ క్రమానిదే. ఇళ్లలోని గాజు తొట్లలో తిరిగే నియాన్ టెట్రా కూడా ఇదే క్రమానికి చెందుతుంది. తెలంగాణలో మంజీర నది పరీవాహకంలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి ప్రాంతాల పాఠకులకు ఈ క్రమం సులువుగా అర్థం కావాలంటే, దాని దాయాదులైన దేశీ చేపల పక్కన పెట్టి చూడాలి. ఆ దాయాదులు అక్కడి నిజాంసాగర్ జలాశయం నిండా ఉన్నాయి.

గుర్తించే లక్షణాలు

ఒక చేప ఈ క్రమానిదో కాదో తేల్చడానికి వీపు, నోరు, ఒంటి పైపొర చూస్తే చాలావరకు సరిపోతుంది. వీపు మీది పెద్ద వాజం వెనక, తోకకు దగ్గరగా, ముళ్లు లేని చిన్న మెత్తని రెక్క ఉంటుంది. దీన్ని కొవ్వు రెక్క అంటారు. ఇది జెల్లలకూ ఉంటుంది. కానీ జెల్లకు మీసాలుంటాయి, పొలుసులుండవు. బొచ్చె, రోహు, పరక వంటి కార్ప్ వర్గపు చేపలకు పొలుసులుంటాయి, కొవ్వు రెక్క ఉండదు. వాటి దవడల్లో ఒక్క పన్నూ కనిపించదు. అవి మేతను నమిలేది గొంతులో దాగిన గ్రసని దంతాలతో. కారాసిఫార్మిస్ చేపకు పొలుసులు, కొవ్వు రెక్క రెండూ ఉంటాయి, మీసాలుండవు, దవడల నిండా పళ్లుంటాయి. ఈ లెక్కతో చేపల బజారులో నిలబడే క్రమాన్ని గుర్తుపట్టవచ్చు.

మినహాయింపులు లేకపోలేదు. దక్షిణ అమెరికాలోని ఎరిత్రినిడే కుటుంబానికి కొవ్వు రెక్క లేదు. కురిమాటిడే కుటుంబపు చేపలు పెద్దయ్యాక బోసినోటివే, బురద మెక్కి బతుకుతాయి. లిన్నేయస్ కాలంలో ఇంత సూక్ష్మంగా చూసే అలవాటు లేదు. కొవ్వు రెక్క ఉన్నందుకు ఆయన ఈ చేపల్లో కొన్నిటిని సాల్మన్ ప్రజాతిలో కలిపేశాడు.

పరిమాణంలో తేడా చాలా ఎక్కువ. అమెజాన్ పరీవాహకంలోని ప్రియోకారాక్స్ పూర్తిగా ఎదిగినా 2 సెంటీమీటర్లు దాటదు. కాంగో నదిలోని గొలయత్ టైగర్‌ఫిష్ మీటరుకు మించి పొడవు పెరుగుతుంది. నల్ల పాకూ లేదా టంబాకీ అని పిలిచే కొలొసోమా మాక్రోపోమమ్ 30 కిలోల దాకా తూగుతుంది.

చెవికి చేరే ఎముకల గొలుసు

పంటి సంగతి పక్కన పెడితే, ఈ క్రమాన్ని అర్థం చేసుకోవడానికి అసలైన తాళంచెవి తల వెనక ఉంది. మొదటి నాలుగైదు కశేరుకాల భాగాలు చిన్నచిన్న ఎముకలుగా మారి, వాయుకోశం నుంచి లోపలి చెవి వరకు గొలుసులా ఏర్పడ్డాయి. నీటిలోని శబ్దానికి వాయుకోశం కంపిస్తే ఆ కదలిక ఈ గొలుసు గుండా చెవికి చేరుతుంది. జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హైన్రిక్ వెబర్ 1820లో దీన్ని వర్ణించాడు. అందుకే దీనికి వెబీరియన్ పరికరం అని పేరు. ఈ ఏర్పాటు లేని చాలా చేపలు ఎక్కువ పౌనఃపున్యపు శబ్దాలను వినలేవు. ఇది ఉన్నవి కొన్ని వేల హెర్ట్జ్‌ల శబ్దాన్నీ పసిగడతాయి. బురద నీటిలో కంటిచూపు పనిచేయని చోట ఇది ఎంత లాభమో చెప్పనక్కర్లేదు.

ఈ గొలుసు నాలుగు క్రమాల్లో కనిపిస్తుంది: కార్ప్‌లున్న సిప్రినిఫార్మిస్, జెల్లలు వాలుగలున్న సిలూరిఫార్మిస్, దక్షిణ అమెరికా విద్యుత్ చేపల జిమ్నోటిఫార్మిస్, కారాసిఫార్మిస్. నాలుగింటినీ కలిపి ఓటోఫైసై అంటారు. భూమ్మీది మంచినీటి చేప జాతుల్లో సగానికి ఎంతో మించి ఈ వర్గానివే. అంటే మంజీరలో వలకు చిక్కే బొచ్చె, రోహు, మ్రిగాల, పరక, జెల్ల, వాలుగ, మార్పు అన్నీ రూప్‌చంద్‌కు ఏదో ఒక వరసలో బంధువులే. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనుకు మాత్రం ఈ చుట్టరికం లేదు. అది పూర్తిగా వేరే వంశానిది, గాలి పీల్చుకుని బతకగలది.

ఈ చేపల్లో చాలావాటికి మరో ఉమ్మడి లక్షణం ఉంది. చర్మం గాయపడితే అందులోంచి ఒక రసాయనం నీటిలోకి విడుదలవుతుంది. తోటి చేపలు దాన్ని పసిగట్టి చెల్లాచెదురవుతాయి. తేనెటీగల పరిశోధనతో తర్వాత నోబెల్ బహుమతి పొందిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1930ల్లో దీన్ని చిన్న కార్ప్ వర్గపు చేపల్లో గమనించాడు.

వర్గీకరణ

ఈ క్రమాన్ని రెండు ఉపక్రమాలుగా విడదీయడం ఆనవాయితీ. సిథారినాయిడై పూర్తిగా ఆఫ్రికాది. అందులో సిథారినిడే, డిస్టికోడాంటిడే అనే రెండే కుటుంబాలున్నాయి. మిగిలిన కుటుంబాలన్నీ కారకాయిడై కిందికి వస్తాయి. ఆఫ్రికా టెట్రాలు, టైగర్‌ఫిష్‌లు ఉన్న అలెస్టిడే, ఆఫ్రికా పైక్ అని పిలిచే హెప్సెటిడే కూడా ఈ రెండో దానిలోనివే. అంటే ఆఫ్రికాలోని కొన్ని చేపలు తమ నదిలోనే ఉన్న ఇతర చేపల కంటే అట్లాంటిక్ అవతలి చేపలకు దగ్గర చుట్టాలు. డీఎన్‌ఏ ఆధారంగా జరిగిన కొన్ని అధ్యయనాలు సిథారినాయిడైని అసలు ఈ క్రమంలోనే ఉంచకూడదని వాదించాయి. ఉంచాలనే వాదనకూ బలం ఉంది. ఇప్పటికి చాలా గ్రంథాలు రెండింటినీ ఒకే క్రమంగానే చూపిస్తున్నాయి.

ఎముకల ఆధారంగా ఓటోఫైసై క్రమాల సంబంధాలను గట్టిగా నిలబెట్టినది 1981లో వెలువడిన శారా ఫింక్, విలియం ఫింక్‌ల అధ్యయనం. తర్వాత వచ్చిన జన్యు పరిశోధనలన్నీ దానితో ఏకీభవించడమో తగాదా పడడమో చేశాయి. పేర్లు తరచుగా మారుతుంటాయని చెప్పడానికి కారాసిడే కుటుంబమే మంచి ఉదాహరణ. చాలా కాలం పాటు ఎటూ తేలని చేపలన్నిటినీ ఇందులో పడేశారు. ఒక దశలో వెయ్యికి పైగా జాతులు ఈ ఒక్క కుటుంబంలోనే ఉండేవి. 2024లో దీన్ని స్పింథెరోబోలిడే, స్టెవార్డియిడే, కారాసిడే, అసెస్ట్రోరాంఫిడే అనే నాలుగు కుటుంబాలుగా విడదీశారు. దాంతో నియాన్ టెట్రా అసెస్ట్రోరాంఫిడేలోకి వెళ్లింది. పాత పుస్తకం చదువుకున్న విద్యార్థికి ఇది తికమక పెట్టే విషయమే. కానీ కొత్త విభజన వంశక్రమానికి దగ్గరగా ఉంది, పాతది అలా లేదు.

పిరానాలు, పాకూలు కలిసి సెర్రాసాల్మిడే అనే కుటుంబం. ఇందులో సుమారు 100 జాతులున్నాయి. పొట్ట అంచున రంపపు పళ్లలాంటి ముళ్ల వరుస ఈ కుటుంబపు గుర్తు. రూప్‌చంద్‌ను చేత్తో పట్టుకున్నవారికి ఈ వరుస అరచేతికి తగులుతుంది.

మిగిలిన కుటుంబాల్లో కొన్ని తమ బతుకు తీరు వల్ల చెప్పుకోదగ్గవి. ప్రోకిలోడాంటిడే చేపలు పెదవులతో అడుగున ఉన్న బురదను, నాచును గీరి తింటాయి. వానాకాలంలో వందల కిలోమీటర్లు ఎదురీదుతాయి. ఈ పనిలో ఇవి మన మ్రిగాలకు ప్రతిరూపాలు. ఎరిత్రినిడేలోని హోప్లియాస్ చేప పొదల్లో పొంచి ఉండి మీద పడుతుంది. కొర్రమీను మన చెరువుల్లో చేసే పని అది అక్కడ చేస్తుంది. సైనోడాంటిడేలోని పయారాకు కింది దవడ నుంచి రెండు పొడవైన కోరలు పైకి వచ్చి పుర్రెలోని గుంటల్లో ఇముడుతాయి. గ్యాస్టెరోపెలెసిడే అనే పొడుగు ఛాతీ చేపలు నీటి పైకి ఎగిరి దూకుతాయి, వాటి ఛాతీ కండరాలు అందుకు తగ్గట్టు చాలా పెద్దవి. మన పరకలు, డానియోలు చేసే పని దక్షిణ అమెరికా వాగుల్లో టెట్రాలు చేస్తాయి. ఒకే ఉద్యోగానికి రెండు ఖండాల్లో వేరువేరు వంశాల నుంచి మనుషులను తీసుకున్నట్టు ప్రకృతి పనిచేసింది. కార్ప్‌లు దక్షిణ అమెరికాకు సహజంగా చేరలేదు, కారాసిఫార్మిస్ ఆసియాకు చేరలేదు. ఆఫ్రికాలో మాత్రం రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి.

పళ్లు, మేత

పళ్ల రకాల విషయంలో ఈ క్రమానికి సాటి వచ్చే మంచినీటి చేపలు తక్కువ. ఒక్క సెర్రాసాల్మిడే కుటుంబంలోనే రెండు విపరీత ధోరణులు కనిపిస్తాయి. పిరానాకు ప్రతి దవడలో త్రికోణాకారపు పదునైన పళ్లు ఒకదానిలో ఒకటి ఇమిడి, ఒకే కోతకత్తిలా పనిచేస్తాయి. పాకూకు మనిషి దంతాల్లా మొద్దుగా ఉండే పళ్లు పైదవడలో రెండు వరుసల్లో ఉంటాయి. అవి గింజలను పగలగొట్టడానికి. రెండింటిలోనూ దవడ ఒక పక్కనున్న పళ్లన్నీ ఒకేసారి ఊడి, కింద తయారుగా ఉన్న కొత్త వరుస పైకి వస్తుంది. ఒక్కో పన్ను విడిగా మారితే పదును వరుస చెదిరిపోతుంది.

పిరానా కథలకు అంతులేదు. 1913–14లో బ్రెజిల్ అడవుల్లో తిరిగిన అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడోర్ రూజ్వెల్ట్ తన యాత్రా గ్రంథంలో వాటి క్రూరత్వాన్ని రాశాక వాటి అపకీర్తి ప్రపంచమంతా పాకింది. నిజానికి ఎర్ర పొట్ట పిరానా, అంటే పైగోసెంట్రస్ నట్టెరెరి, చిన్న చేపలు, పురుగులు, చచ్చిన జంతువుల మాంసం, అప్పుడప్పుడూ మొక్కల భాగాలు తింటుంది. అది గుంపుగా తిరిగేది వేట కోసం కంటే తనను తినే జంతువుల నుంచి తప్పించుకోవడానికే అని పరిశీలనలు సూచిస్తున్నాయి. క్రూరత్వాన్ని పెంచి చూపడంలో సినిమాలు పుస్తకాల కంటే ముందుకు పోయాయి.

పాకూ తిండి మరీ ఆశ్చర్యకరం. అమెజాన్ నది వానాకాలంలో ఒడ్డు దాటి అడవిలోకి మైళ్ల కొద్దీ పారుతుంది. చెట్ల మధ్య ఈదుతూ పాకూలు రాలిన పళ్లు, గింజలు తింటాయి. మెత్తని గింజలు నలిగిపోతాయి, గట్టివి చెక్కుచెదరకుండా బయటికి వస్తాయి. అలా అడవి చెట్ల విత్తనాలు కిలోమీటర్ల దూరం ప్రయాణిస్తాయి. చేపకూ అడవికీ ఉన్న ఈ బంధాన్ని మైఖేల్ గౌల్డింగ్ 1980లో వెలువరించిన గ్రంథంలో వివరంగా రాశాడు. అడవి నరికితే చేప తగ్గుతుంది, చేప తగ్గితే అడవి కొత్త మొక్కలను కోల్పోతుంది.

చీకటి గుహలో బతికే చేప కూడా ఈ క్రమంలో ఉంది. మెక్సికో సున్నపురాతి గుహల్లోని అస్టియానాక్స్ మెక్సికానస్ రూపాలకు కళ్లు, రంగు రెండూ పోయాయి. వీటిని 1936లో కొత్త ప్రజాతిగా వర్ణించారు. తర్వాత చూస్తే అవి బయటి వాగుల్లోని కళ్లున్న చేపలతో జతకట్టి సంతానం పొందగలవని తేలింది. కళ్లు పోవడానికి కారణమైన జన్యువుల అధ్యయనంలో ఇప్పుడు ఈ చేపకు ప్రయోగశాలల్లో పెద్ద పీట వేశారు.

పునరుత్పత్తి

ఈ క్రమపు చేపల్లో ఎక్కువ భాగం గుడ్లను నీటిలో చల్లి వదిలేస్తాయి. పెద్ద జాతులు వరద నీటికి ఎదురీది, గుంపుగా గుడ్లు పెడతాయి. గుడ్లు ప్రవాహంతో దిగువ మైదానాల్లోకి చేరతాయి. ఈ నమూనా భారతీయ కార్ప్‌ల నమూనాతో ఎంత దగ్గరంటే, చెరువులో రెండూ ఒకేలా మొండికేస్తాయి. కదలని నీటిలో పెంచిన చేప గుడ్డు ముదిరినా వదలదు. ఒడిశాలో హీరాలాల్ చౌధురి 1957 జూలై 10న పీయూష గ్రంథి రసంతో కార్ప్‌ల చేత గుడ్లు పెట్టించిన పద్ధతి ఈ మొండితనానికి విరుగుడు. దేశంలో ఆ రోజును జాతీయ మత్స్య రైతు దినంగా జరుపుతారు. రూప్‌చంద్ పిల్లలనూ హేచరీల్లో హార్మోను సూది వేసే పుట్టిస్తారు.

మిగతావి రకరకాల దారులు పట్టాయి. కోపెల్లా ఆర్నోల్డి అనే చిన్న చేప జంట నీటి పైకి ఎగిరి, వేలాడే ఆకు అడుగున గుడ్లు అంటిస్తుంది. ఆడ చేప వెళ్లిపోతుంది. మగ చేప గుడ్లు పిగిలేదాకా తోకతో నీళ్లు చిమ్ముతూ వాటిని తడుపుతుంటుంది. ఆకు మీదైతే నీటిలోని శత్రువులకు అందవు. స్టెవార్డియిడేలోని కొన్నిట్లో అంతర్గత ఫలదీకరణ జరుగుతుంది. అందులో కోరినోపోమా రీసై మగ చేపకు మొప్ప మూత నుంచి సన్నని కాడ, దాని చివర చీమలాంటి చిన్న తెడ్డు ఉంటాయి. ఆడ చేప దాన్ని మేత అనుకుని దగ్గరికి వస్తుంది. పిరానా జంట గుడ్లకు కాపలా కాస్తుంది. ఆ సమయంలో దగ్గరికి వచ్చినవారిని కరిచిన సందర్భాలు చాలా ఉన్నాయి.

పుట్టుక, వ్యాప్తి

దక్షిణ అమెరికా, ఆఫ్రికా ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే భూభాగంలో కలిసి ఉండేవి. సుమారు 10 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయి. ఈ క్రమం రెండు చోట్లా ఉండడానికి అదే వివరణ అని చాలామంది భావిస్తారు, అయితే దీనిపై చర్చ ఇంకా ఉంది. దక్కను పీఠభూమి కూడా గోండ్వానా ముక్కే. మరి ఇక్కడ ఎందుకు లేవు? భారత ఉపఖండం, మడగాస్కర్ కలిసి ఆఫ్రికా నుంచి అంతకు ముందే దూరమయ్యాయి. మడగాస్కర్‌లో కూడా ఈ క్రమపు చేపలు లేకపోవడం ఈ వాదనను బలపరుస్తుంది. మొరాకోలో దొరికిన శిలాజ దంతాలు క్రెటేషియస్ యుగం నాటివి. ఐరోపాలో ఆఫ్రికా కుటుంబానికి దగ్గరి శిలాజాలు దొరికాయి, అక్కడ ఈ చేపలు తర్వాత అంతరించాయి. మంచినీటి చేప సముద్రం దాటలేదు కాబట్టి, ఒక నదిలో ఏ చేప ఉందన్నది ఆ నేల చరిత్రను కూడా చెబుతుంది. దక్కను నేలకు వచ్చిన కార్ప్‌లు, జెల్లలు ఆసియా వైపు నుంచి చేరాయనే అభిప్రాయమే ఎక్కువ బలంగా ఉంది.

ఈ దక్కను చేపల నమోదు సంగతికి వస్తే, 1940ల్లో రహీముల్లా, మహ్మూద్ అనే పరిశోధకులు హైదరాబాద్ సంస్థానంలో చేపల సర్వే జరిపి, ఫలితాలను బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రకటించారు. అందులో నిజామాబాద్ జిల్లా చేపల జాబితా ఉంది. ఇప్పటి కామారెడ్డి, ఎల్లారెడ్డి అప్పుడు ఆ జిల్లాలోవే. అంతకు ముందు 1875–78లో ఫ్రాన్సిస్ డే వెలువరించిన భారతదేశపు చేపల బృహద్గ్రంథమే ఇలాంటి సర్వేలకు ఆధారం.

తెలుగు నేలలో రూప్‌చంద్

రూప్‌చంద్ అంటే ఎర్ర పొట్ట పాకూ. దాని శాస్త్రీయ నామం పియారాక్టస్ బ్రాకిపోమస్. ఫ్రెంచి శాస్త్రవేత్త కూవియే దీన్ని 1818లో వర్ణించాడు. అమెజాన్, ఒరినోకో నదుల్లో ఒకే జాతి అనుకుంటూ వచ్చిన దాన్ని 2019లో రెండుగా విడదీశారు. ఒరినోకో చేపకు పియారాక్టస్ ఒరినోక్వెన్సిస్ అని కొత్త పేరు పెట్టారు. రూప్‌చంద్ 20 కిలోలు దాటి పెరగగలదు. చెరువు పెంపకంలో ఏడాది లోపే కిలో బరువుకు చేరుతుంది. అన్నిటినీ తింటుంది: తవుడు, వేరుశనగ చెక్క, తేలే మేత గుళికలు. ధర తక్కువ, ముల్లు తక్కువ, రుచి పరవాలేదు. అందుకే రైతుకు నచ్చింది.

ఈ చేప 2003, 2004 ప్రాంతాల్లో బంగ్లాదేశ్ నుంచి పశ్చిమ బెంగాల్‌కు, అక్కడి హేచరీల నుంచి ఆంధ్రప్రదేశ్‌కు చేరింది. అధికారిక అనుమతి, ముందస్తు పరీక్ష లేకుండానే వచ్చింది. దేశంలో వన్నామెయి రొయ్యకు 2009లో నిబంధనలతో అనుమతి ఇచ్చిన పద్ధతితో పోల్చితే ఇది పూర్తిగా వేరు. కైకలూరు, భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల చేపల చెరువుల్లో రూప్‌చంద్ బొచ్చె, రోహులతో కలిపి గానీ విడిగా గానీ పెరిగింది. అక్కడి నుంచి ఐసు పెట్టెల్లో లారీల మీద దూర రాష్ట్రాలకు వెళుతుంది.

పేరు వల్ల ఒక మోసానికి తావుంది. బెంగాలీలో రూప్‌చాందా అంటే సముద్రపు చందువ. గుండ్రని చదును ఒళ్లు చూసి ఆ పేరే దీనికి అంటింది. కొందరు అమ్మకందారులు దీన్నే చందువగా చూపి ఎక్కువ ధర అడుగుతారు. పట్టి చూస్తే తేడా తెలుస్తుంది. తెల్ల చందువకు పొట్ట కింద వాజాలుండవు, నోరు చాలా చిన్నది, కొవ్వు రెక్క లేదు. రూప్‌చంద్‌కు పొట్ట వాజాలు, కొవ్వు రెక్క, పళ్లు మూడూ ఉంటాయి. పిల్ల దశలో పాకూ ఎర్ర పొట్ట పిరానాలాగే ఉంటుంది. శత్రువులను భయపెట్టడానికి పిల్లలు పిరానా వేషం వేస్తాయని శాస్త్రవేత్తల అభిప్రాయం. వలలో ఒకటి చిక్కగానే పిరానా దొరికిందనే పుకారు పుట్టడానికి ఇదే కారణం. 2013లో డెన్మార్క్ తీరంలో ఒక పాకూ దొరికినప్పుడు, ఈత కొట్టే మగవారిని కరుస్తుందన్న వేళాకోళపు మాట ప్రపంచ పత్రికల్లో వార్తగా నడిచింది. పళ్లు చూస్తే చాలు: త్రికోణపు కోతపళ్లైతే పిరానా, మొద్దు దంతాలైతే పాకూ.

ఈ చేపకు ఒక ఉపయోగకరమైన శారీరక వైశిష్ట్యం ఉంది. నీటిలో ప్రాణవాయువు తగ్గితే కొన్ని గంటల్లోనే కింది పెదవి ఉబ్బి గరిటె ఆకారం దాలుస్తుంది. ఆ పెదవితో చేప నీటి పై పొరను మొప్పల మీదికి మళ్లించుకుంటుంది. పై పొరలో గాలి కలిసి ఉంటుంది కాబట్టి బతుకుతుంది. కొలొసోమాలోనూ ఇదే ఉంది. వరద అడవుల నిలవ నీటిలో బతకడానికి ఏర్పడ్డ గుణం ఇది. వేకువజామున చెరువులో ప్రాణవాయువు అడుగంటినప్పుడు ఇవి తట్టుకునేది ఇందువల్లే. అలాగని నీరు బాగుందని కాదు. పెదవి ఉబ్బిన చేప కనిపిస్తే చెరువుకు వెంటనే గాలి పట్టించాలి. మరోవైపు చలిని ఇది సహించదు. నీరు చల్లబడితే మేత మానేస్తుంది.

గాజు తొట్టిలో టెట్రాలు

తెలుగు పట్టణాల్లో ఈ క్రమాన్ని ఎక్కువమంది చూసేది అలంకార చేపల దుకాణాల్లో. చెన్నైలోని కొళత్తూరు, కోల్‌కతా ప్రాంతపు పెంపకందారులు వీటికి పెద్ద సరఫరాదారులు. నియాన్ టెట్రాను 1936లో జార్జ్ మయర్స్ వర్ణించి, అమెరికా అక్వేరియం రచయిత విలియం ఇన్నెస్ పేరు పెట్టాడు. దాని నీలి మెరుపు రంగుద్రవ్యం వల్ల వచ్చింది కాదు. చర్మకణాల్లోని సన్నని స్ఫటిక పలకలు కాంతిని పరావర్తనం చేయడం వల్ల వస్తుంది. రాత్రి చీకటిలో ఆ మెరుపు తగ్గిపోతుంది. కార్డినల్ టెట్రా బ్రెజిల్‌లోని రియో నీగ్రో నల్ల నీటి నుంచి పట్టి పంపేది, అక్కడి బార్సెలోస్ పట్టణానికి చాలా కాలం పాటు అదే ముఖ్య జీవనాధారంగా ఉండేది. ఈ చేపలకు మెత్తని, కాస్త ఆమ్ల గుణమున్న నీరు నచ్చుతుంది. సున్నపు గాఢత ఎక్కువగా ఉండే బోరు నీటిని వీటికి నేరుగా వాడడం మంచిది కాదు.

మంజీర జలాలు

మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటకలోని బీదర్ మీదుగా తెలంగాణలోకి వచ్చే మంజీర, 724 కిలోమీటర్లు నడిచి నిజామాబాద్ జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. దానిపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, నవాబ్ అలీ నవాజ్ జంగ్ రూపకల్పన. కట్టినప్పుడు 29.7 టీఎంసీలున్న నిల్వ సామర్థ్యం పూడిక వల్ల 17.8 టీఎంసీలకు తగ్గింది. ఎల్లారెడ్డికి దగ్గరలో, నాగిరెడ్డిపేట మండలంలో మంజీర ఉపనది ఆలేరు వాగుపై 1916–1922 మధ్య పోచారం ప్రాజెక్టు కట్టారు. కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది, ఎల్లారెడ్డి అందులో ఒక రెవెన్యూ డివిజన్ కేంద్రం.

ఇక్కడి చెరువుల మీద ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల జీవనం ఆధారపడి ఉంది. 2016–17 నుంచి రాష్ట్ర ప్రభుత్వం సహకార సంఘాల చెరువుల్లోకి చేపపిల్లలను ఉచితంగా వదులుతోంది. బొచ్చె, రోహు, మ్రిగాల, బంగారుతీగ వాటిలో ముఖ్యమైనవి. ఇవన్నీ స్థానికమే అనుకోవడం సరికాదు. రోహు, మ్రిగాల గంగా పరీవాహకం నుంచి దక్కనుకు తెచ్చినవి. బంగారుతీగ బ్యాంకాక్ రకం 1957లో దేశంలోకి వచ్చింది. అది చెరువులోనే గుడ్లు పెట్టి స్థిరపడింది, పరకల వంటి చిన్న దేశీ చేపలకు మేతలో పోటీ అయింది. కొత్త చేపను చెరువులో వదలడం ఎంత తేలికో, దాన్ని తిరిగి తీయడం ఎంత అసాధ్యమో బంగారుతీగ అనుభవం చూపింది.

రూప్‌చంద్ విషయంలో ఇదే ప్రశ్న వస్తుంది. అది నిలవ నీటిలో గుడ్లు పెట్టకపోవడం ఊరటనిచ్చే విషయం. కానీ అది నదీ ప్రవాహంలో పునరుత్పత్తి చేసే చేప. మంజీరలాంటి వరద నది దానికి పూర్తిగా పరాయిది కాదు. పాపువా న్యూ గినీలోని సెపిక్ నదిలో 1990ల్లో దీన్ని వదిలితే అక్కడే స్థిరపడి, స్థానిక మత్స్యకారులకు చిరాకు తెచ్చిపెట్టింది. కేరళలో 2018 వరదల తర్వాత పెంపకపు కుంటల నుంచి తప్పించుకున్న విదేశీ చేపల్లో పాకూ కూడా ఉంది. తెలంగాణలో కట్టలు తెగడం, మత్తడి దుంకడం ప్రతి పెద్ద వానకూ జరిగే పని. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాలో కురిసిన కుండపోతకు పోచారం ప్రాజెక్టు మీదుగా భారీ వరద పోటెత్తింది. అలాంటి రోజున గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు చేప కింది చెరువుకు, అక్కడి నుంచి వాగుకు, వాగు నుంచి మంజీరకు చేరడానికి అడ్డం ఉండదు.

కాబట్టి ఈ ప్రాంతంలో రూప్‌చంద్‌ను పెంచదలచినవారు వాగుతో సంబంధం లేని, చుట్టూ ఎత్తైన కట్ట ఉన్న సొంత గుంటల్లోనే, నీరు పోయే తూములకు జాలీలు బిగించి పెంచాలి. నిజాంసాగర్‌లో, పోచారంలో, మత్తడి ఉన్న ఏ ఊరి చెరువులోనూ దాని పిల్లలను వదలరాదు. ఇంట్లో పెంచే టెట్రాలు, పాకూలు విసుగు పుట్టినప్పుడు వాగులో పోయకుండా దుకాణానికే తిరిగి ఇచ్చేయాలి.